పది గళ్ళ వెడల్పు, ఇరవై గళ్ళ ఎత్తు

1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ ముందున్న ఎలక్ట్రోనికా 60 కంప్యూటరుకు బొమ్మలు చూపించడం చేతకాదు. దాని తెర మీద అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు మాత్రమే వస్తాయి. సోవియట్ సైన్సు అకాడమీ కంప్యూటింగ్ కేంద్రంలో ఆయన పరిశోధకుడు. పెంటామినో అనే పజిల్ అంటే ఆయనకు మహా ఇష్టం. ఐదేసి చదరాలు అతికిన పన్నెండు ముక్కలను ఖాళీ లేకుండా పెట్టెలో అమర్చడమే ఆ పజిల్. దాన్ని కంప్యూటరులోకి తెచ్చేటప్పుడు ఐదు చదరాలను నాలుగుకు తగ్గించారు. నాలుగు చదరాలను అంచుకు అంచు ఆనించి పేరిస్తే, ఎటు తిప్పినా ఒకటే అయ్యేవాటిని ఒక్కటిగా లెక్కగడితే, ఏడు ఆకారాలు వస్తాయి. బొమ్మ గీయలేని తెర కాబట్టి రెండు బ్రాకెట్ గుర్తులను పక్కపక్కన పెట్టి దాన్నే ఒక చదరం అన్నారు. ప్రోగ్రాము పాస్కల్ భాషలో రాశారు.

మొదట్లో ఆట చూస్తుండగానే ముగిసిపోయేది. ముక్కలు పేరుకుపోయి తెర నిండేది. పూర్తిగా నిండిన వరసను చెరిపేస్తే చోటు దొరుకుతుందన్న ఆలోచన తట్టాక టెట్రిస్ పుట్టింది.

ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నవాళ్ళు చిన్న చిన్న లెక్కలు దాటి, మొదటిసారి ఒక పూర్తి వస్తువును తయారుచేయాలనుకుంటే ఈ ఆటను మించింది లేదని నా గట్టి నమ్మకం. కారణం ఆ పాత యంత్రంలోనే ఉంది. బొమ్మల్లేని చోట పుట్టింది కాబట్టి దీని ప్రాణమంతా అంకెల్లో ఉంది. కొత్తవాళ్ళు చాలామంది రంగుల దగ్గర, ముక్క జారే కదలిక దగ్గర మొదలుపెట్టి అక్కడే చిక్కుకుపోతారు. ముందు 20 వరసలు, వరసకు 10 గళ్ళు ఉన్న పట్టిక ఒకటి తయారుచేసుకోవాలి. ఖాళీ గడిలో 0, నిండిన గడిలో 1. ఆడుతున్న ముక్క ఈ పట్టికలో ఉండదు. దాని ఆకారం, అది ఏ వరసలో, ఏ నిలువులో ఉందన్న రెండు అంకెలు విడిగా ఉంటాయి. అర సెకనుకోసారి వరస అంకెకు ఒకటి కలిపి తెరను మళ్ళీ గీస్తాం. మన కంటికి అది పడుతున్నట్టు కనిపిస్తుంది.

తొంభైలలో మన ఊళ్ళలో పిల్లల చేతుల్లో తిరిగిన బ్రిక్ గేమ్ గుర్తుందా? ఆ చిన్న తెర మీద కూడా ఇవే 200 గళ్ళు. ప్రతి గడీ నల్లబడుతుంది, లేదా తేలిపోతుంది. పట్టికను దాచకుండా చూపించిన బొమ్మ అది.

ఈ ప్రోగ్రాములో అసలైన అందం ఒక చిన్న ప్రశ్నలో ఉంది: ఈ ముక్క, ఈ స్థానంలో, ఇముడుతుందా? ముక్కలోని నాలుగు చదరాలనూ ఒక్కొక్కటిగా చూడాలి. ఏదైనా పక్క గోడ దాటినా, అడుగు దాటినా, నిండిన గడి మీద పడినా 'ఇమడదు' అని జవాబు. ఈ ఫంక్షన్ ఒక్కటి సరిగ్గా రాస్తే సగం ఆట అయిపోయినట్టే. ఎడమకు జరపాలంటే జరిపిన చోటును ఊహించి అడుగుతాం, ఇమిడితేనే నిజంగా జరుపుతాం. కుడికైనా, తిప్పడానికైనా అంతే. కిందికి ఇమడకపోతే ముక్క దిగిపోయిందని అర్థం. దాని నాలుగు చదరాలనూ పట్టికలో రాసేసి కొత్త ముక్కను పైన పెడతాం. ఆ కొత్త ముక్కే ఇమడకపోతే ఆట ముగిసినట్టు. గోడలకు ఒక నియమం, నేలకు ఒక నియమం, ఓటమికి ఇంకొకటి అక్కర్లేదు. ఇన్ని పనులను ఒకే ప్రశ్నగా చూడగలగడమే ప్రోగ్రామరు చూపు. దాన్ని పాఠంగా వింటే ఒంటబట్టదు, రాస్తే పడుతుంది.

తిప్పడానికి హైస్కూలు లెక్కలు చాలు. ముక్క మధ్య నుంచి ప్రతి చదరం అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత దూరమో తీసుకుని, రెంటినీ తారుమారు చేసి, ఒకదాని గుర్తు మారిస్తే తొంభై డిగ్రీలు తిరుగుతుంది.

జాగ్రత్తపడాల్సిన చోట్లు రెండున్నాయి. వరసలను కింది నుంచి పైకి చూసుకుంటూ నిండినదాన్ని తీసేస్తే, పైనున్నవన్నీ ఒక మెట్టు దిగుతాయి. అంటే ఇప్పుడు అదే స్థానంలో కొత్త వరస ఉంది, దాన్నీ చూడాలి. చూడకుండా పైకి వెళ్తే, ఒకదాని మీద ఒకటి నిండిన రెండు వరసల్లో ఒకటి మిగిలిపోతుంది. రెండోది పైథాన్‌లో రాసేవాళ్ళకు. ఒక వరసను చేసి ఇరవైతో గుణిస్తే ఇరవై వరసలు రావు, ఒకే వరస ఇరవై చోట్ల కనిపిస్తుంది. ఒక గడి నింపగానే ఆ నిలువంతా నిండిపోతుంది. ప్రతి వరసనూ లూపులో విడిగా పుట్టించాలి.

పజిత్నోవ్ ఆటను దిమిత్రీ పావ్లోవ్‌స్కీతో కలిసి వదీమ్ గెరాసిమోవ్ ఐబీఎం పీసీకి మార్చి రంగులద్దాడు. అప్పటికి గెరాసిమోవ్ పదహారేళ్ళ స్కూలు పిల్లవాడు. నేర్చుకునే వయసును తలచుకుని వెనకాడేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అక్కణ్ణుంచి అది ఫ్లాపీల మీద చేతులు మారుతూ దేశాలు దాటింది. 1989లో నింటెండో గేమ్ బాయ్‌తో కలిసి ఇంటింటికీ చేరింది. 1993లో వ్యోమగామి అలెక్సాండర్ సెరెబ్రోవ్ దాన్ని మీర్ అంతరిక్ష కేంద్రానికీ తీసుకెళ్ళాడు. హక్కులు సోవియట్ ప్రభుత్వానివి కావడంతో పజిత్నోవ్‌కు రాయల్టీ 1996 నుంచి గానీ అందలేదు.

ఇక మిగిలింది తరువాతి ముక్కను ఎంచే పని. ప్రతిసారీ ఏడింటిలో ఒకదాన్ని యాదృచ్ఛికంగా తీస్తే చాలనిపిస్తుంది. కానీ గణితవేత్త హైడీ బర్గీల్ 1997లో ఒక విషయం నిరూపించారు: రెండు వంకర ముక్కలు, ఎడమ వంకరది, కుడి వంకరది, ఒకదాని తరువాత ఒకటి వస్తూనే ఉంటే ఎంతటి ఆటగాడైనా 70,000 ముక్కలలోపే ఓడిపోక తప్పదు. పూర్తి యాదృచ్ఛికతలో అలాంటి వరుస ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరుతుంది. అందుకే నేటి టెట్రిస్‌లు ఏడు ముక్కలనూ సంచిలో వేసి కలిపి, ఒక్కొక్కటే తీసి, సంచి ఖాళీ అయ్యాకే మళ్ళీ నింపుతాయి. కోడులో ఇది మూడు నాలుగు పంక్తుల పని. అది రాశాక, పొడవాటి ముక్క కోసం ఎదురుచూసేవాళ్ళు మధ్యలో పన్నెండు ముక్కలకు మించి ఆగనక్కర్లేదు.