బ్రౌన్ బాటలో జీఆర్‌ఈ మాటలు

ప్రొద్దుటూరులోనో, పులివెందులలోనో బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నారా? విదేశాల్లో ఎంఎస్ చేయాలని ఉన్నా, జీఆర్‌ఈ అనగానే ‘మనకంత ఇంగ్లిష్ ఎక్కడొస్తుందిలే’ అని వెనక్కి తగ్గుతున్నారా? అయితే రెండొందల ఏళ్ల కిందట మన జిల్లాకు వచ్చిన ఓ కుర్రాడి సంగతి వినండి.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. అప్పటికి అతనిది ఇంచుమించు మీ వయసే. తెలుగు అతని ఇంటి భాష కాదు. అయినా పండితుల దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. 1852లో అతని నిఘంటువు అచ్చయింది. మాట పక్కన అర్థం రాసి వదిలేయలేదు. కావ్యాల్లో ఆ మాట ఎలా వచ్చిందో, జనం ఎలా వాడుతున్నారో కూడా చూపించాడు. ఇవాళ జీఆర్‌ఈకి పనికొచ్చేదీ ఆ పద్ధతే.

పరీక్ష ఏం అడుగుతోంది?

ఒకప్పుడు ఇందులో వ్యతిరేక పదాలు అడిగేవారు. బట్టీ పడితే కొంత గట్టెక్కేవారు. 2011 ఆగస్టులో వాటిని తీసేశారు. 2023 సెప్టెంబరు నుంచి మొత్తం పరీక్షే 1 గంట 58 నిమిషాలు. అందులో వెర్బల్‌కు 41 నిమిషాల్లో 27 ప్రశ్నలు, స్కోరు 130 నుంచి 170. నెగెటివ్ మార్కులు లేవు. ఖాళీలు పూరించడం, వాక్యానికి ఒకే అర్థమిచ్చే రెండు మాటలు ఎంచుకోవడం, పాసేజీ చదివి జవాబివ్వడం... ఏ ప్రశ్నయినా వాక్యంతోనే వస్తుంది.

ఎలా నేర్చుకోవాలి?

మాట రంగు చూడండి: ఫ్రూగల్, పార్సిమోనియస్... రెండింటికీ ‘తక్కువ ఖర్చు చేసేవాడు’ అని రాసుకుంటే దెబ్బతింటారు. మొదటిది పొదుపరి, మెచ్చుకోలు. రెండోది పిసినారి, ఎత్తిపొడుపు.

తెలిసిన మాటనూ అనుమానించండి: క్వాలిఫై అంటే మనకు అర్హత సాధించడమే. కానీ ‘క్వాలిఫైడ్ సపోర్ట్’ అంటే షరతులతో కూడిన మద్దతు. ఇలాంటి చోటే చాలామంది బోల్తా పడతారు.

కుటుంబంగా పట్టుకోండి: ‘లోక్వి’ అనే లాటిన్ మూలానికి మాట్లాడటం అని అర్థం. లోక్వేషియస్ అంటే వాగుడుకాయ. ఎలోక్వెంట్ అంటే చక్కగా ఆకట్టుకునేలా మాట్లాడేవాడు. కొలోక్వియల్ అంటే వాడుక భాషకు చెందినది. ఒక్క వేరు తెలిస్తే మూడు మాటలు చేతికొస్తాయి.

నోటుబుక్కు పెట్టండి: మాట, అది కనిపించిన వాక్యం, మీ ఊరి మీద మీరు సొంతంగా కట్టిన వాక్యం... ఈ మూడూ రాయండి. వాక్యాల కోసం రోజూ ఇంగ్లిష్ పత్రిక సంపాదకీయం ఒకటి చదవండి. రోజుకు 10 మాటలు, వారానికి ఆరు రోజులు. నాలుగు నెలల్లో దాదాపు వెయ్యి మాటలు అవుతాయి. ఆదివారం కొత్తవి వద్దు, పాతవే తిరగేయండి. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు కాలేజీకి బస్సులో వచ్చిపోయేవాళ్లకు ఆ ప్రయాణమే రివిజన్ టైమ్.

డబ్బు కట్టేముందు

పరీక్ష ఫీజే రూ.20 వేలు దాటింది. ఇంట్లోవాళ్లు కష్టపడి కూడబెట్టిన సొమ్ము అది. చాలా విశ్వవిద్యాలయాలు ఇప్పుడు జీఆర్‌ఈని తప్పనిసరి చేయడం లేదు. మీరు కోరుకున్న కోర్సుకు స్కోరు అడుగుతున్నారో లేదో ముందు చూసుకోండి. పరీక్ష నిర్వహించే ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే నమూనా పరీక్షలు రాసి, ఎక్కడున్నారో తేల్చుకున్నాకే తేదీ ఖాయం చేసుకోండి.

ఒకవేళ ఎంఎస్ ఆలోచన మానుకున్నా ఈ శ్రమ వృథా కాదు. బ్యాంకు పరీక్షల్లోనూ ఇంటర్వ్యూల్లోనూ ఈ మాటలు అక్కరకొస్తాయి. బ్రౌన్ పేరిట కడపలో గ్రంథాలయం ఉంది. అటు వెళ్లినప్పుడు ఓసారి అడుగుపెట్టండి. పరాయి భాష ముందు భయం కాస్త తగ్గుతుంది.