బిగింపుకు కొలత తెచ్చిన పానా

నట్టు బిగించినప్పుడు లోపల ఏమి జరుగుతుందో గ్రహిస్తే తప్ప టార్క్ రెంచ్ అనే పనిముట్టు ఎందుకు పుట్టిందో బోధపడదు. నట్టు మరల వెంట ముందుకు నడిచేకొద్దీ బోల్టు కంటికి ఆననంత కొద్దిగా సాగుతుంది. సాగిన ఉక్కు తిరిగి తన పొడవుకు రావాలని చూసే ఆ లాగుడే, అంటే తన్యతే, రెండు భాగాలనూ కలిపి అదిమిపట్టి ఉంచుతుంది. తన్యత చాలకపోతే కుదుపులకు నట్టు వదులవుతుంది. మితిమీరితే మర చెడుతుంది, లేదా బోల్టు మళ్ళీ మామూలు పొడవుకు రాలేనంతగా సాగిపోతుంది.

ఈ తన్యత బయటికి కనిపించేది కాదు గనుక పనివారు చాలాకాలం చేతి అంచనానే నమ్ముకున్నారు. న్యూయార్క్ నగర నీటి సరఫరా శాఖలో పనిచేసిన కాన్రాడ్ బార్‌కు, గొట్టాలను కలిపే అంచుల బోల్టులు ఒక్కొక్కటి ఒక్కో బిగింపులో ఉండడం చికాకు కలిగించింది. బిగింపుకు హద్దు పెట్టే పనిముట్టును 1918లోనే తయారు చేశానని ఆయన చెప్పుకున్నాడు గాని, పేటెంటు దరఖాస్తుల్లో మొదటిది 1931లో జాన్ హెచ్. షార్ప్ పెట్టినది. అది బిగింపును కొలిచి చూపే రకం. కోరిన బిగింపు రాగానే చప్పుడుతో తెలియజేసే రాట్చెట్ రెంచ్‌కు 1935లో బార్, జార్జ్ ఫెఫర్లె కలిసి పేటెంటు కోరారు. మొదటివాడెవరన్న తగవు ఎలా తేలినా, నేడు ఇళ్ళలో కనిపించే ‘టిక్’ రెంచ్‌కు దగ్గరి పూర్వీకుడు ఈ రెండోదే.

టార్క్ అంటే తిప్పే బలాన్ని, ఆ బలం పడే చోటికీ నట్టు కేంద్రానికీ మధ్య ఉన్న దూరంతో గుణించగా వచ్చే విలువ. నట్టు నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో పిడి పట్టుకొని సుమారు 25 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగితే దాదాపు 100 న్యూటన్ మీటర్ల టార్క్ వస్తుంది. చాలా చిన్న కార్ల చక్రాల నట్లకు కావలసిన బిగింపు ఇంచుమించు ఇంతే. టిక్ రెంచ్ ఉక్కు గొట్టంలో ఒక బలమైన స్ప్రింగు ఉంటుంది. పిడిని తిప్పి అంకె పెట్టినప్పుడు ఆ స్ప్రింగు అంతమేరకు నొక్కుకుని, రెంచ్ తలకు అతికిన కమ్మీని ఒక చిన్న దిమ్మె ద్వారా నిలిపి ఉంచుతుంది. టార్క్ ఆ హద్దు దాటగానే దిమ్మె ఒరిగి, కమ్మీ గొట్టం గోడకు తగిలి టిక్కుమంటుంది. చప్పుడు హెచ్చరిక మాత్రమే, అడ్డుకట్ట కాదు. విన్న తరువాత కూడా లాగుతూ పోతే నట్టు ఇంకా బిగుస్తుంది.

అయితే ఈ సాధనం కొలిచేది తన్యతను కాదు, తిప్పుడును. వేసిన టార్క్‌లో సుమారు సగం నట్టు కింది ఘర్షణకు, మరో 40 శాతం దాకా మరల ఘర్షణకు పోగా, బోల్టును సాగదీయడానికి మిగిలేది పదో వంతే. అందుకే పొడి మరలకు చెప్పిన అంకెను నూనె పూసిన మరలకు వాడితే ఘర్షణ తగ్గి, బోల్టు అవసరానికి మించి సాగుతుంది. కారు మాన్యువల్ నూనె పూయమని చెప్పనిచోట పూయకపోవడమే సరి.

ఇంట్లో కారు పని చేసుకునేవారు కొనేటప్పుడు మొదట చూడవలసింది ధర కాదు, పరిధి. రెంచ్ తన పరిధిలోని కింది అంచున నమ్మదగినది కాదు. 200 దాకా కొలిచే పెద్ద రెంచ్‌తో 10 న్యూటన్ మీటర్ల చిన్న బోల్టును బిగిస్తే టిక్ వినిపించకముందే మర పోవచ్చు. ముల్లు చూపే కడ్డీ రకం చౌక, అందులో అలసిపోయే స్ప్రింగూ లేదు, కాని ముల్లును ఎదురుగా నిలబడి చదవాలి, ఇంజిను మూలల్లో ఆ వీలు అరుదు. ఆయిల్ ఫిల్టర్‌కు చాలా కార్లలో కొలతే అక్కరలేదు, రబ్బరు వలయం తగిలాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పితే చాలు.

ఒక్కటే కొనదలచినవారు చక్రాల నట్లకు పనికివచ్చే 40-200 న్యూటన్ మీటర్ల టిక్ రెంచ్‌ను తీసుకోవడం మేలు. బిగిసిపోయిన నట్లను విప్పడానికి దాన్ని వాడకూడదు, ఆ పనికి మామూలు పానా ఉండనే ఉంది. పని ముగిశాక పిడిని అతి తక్కువ అంకెకు తిప్పి పెట్టాలి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6789 ప్రకారం, వేరే ఏర్పాటు లేనిచోట, 5000 బిగింపులకు గాని ఏడాదికి గాని, ఏది ముందైతే అప్పుడు, దాని కొలతను తిరిగి సరిచూపించాలి.