ఖోకా కథ

ఎన్‌సీసీలో పాయింట్ టూటూ రైఫిల్ పేల్చినవాళ్ళు తమ గురి ఎలా ఉండేదో మరిచిపోవచ్చు గానీ ఖోకాలు ఏరడం మరిచిపోరు. బోర్లా పడుకుని ఐదు రౌండ్లు పేల్చాక ఐదు ఖాళీ ఇత్తడి డొల్లలూ లెక్కగా అప్పజెప్పాలి. ఓసారి టెక్కలి దగ్గర క్యాంపులో ఒక్క ఖోకా తగ్గితే, పక్కనున్న జీడితోటలో చీకటి పడేదాకా ఎండాకుల్లో దేవులాడాను. చివరికి నా బూటు మడతలోనే దొరికింది.

ఆమధ్య నౌపడలో ఇంటర్ పిల్లలకి స్థితిస్థాపకత చెబుతూ ఈ కథ ఎత్తుకుంటే, ఉప్పు మడుల్లో పని చేసే ఇంటి కుర్రాడు లేచాడు. "ఇనుము చవక కదండీ మాస్టారూ. పేలిపోయాక పారేసేదానికి ఇత్తడెందుకు?"

అడగవలసిన ప్రశ్నే. అందరం గుండు గురించి మాట్లాడతాం గానీ, తూటాలో తెలివంతా డొల్లలో ఉంది. మందునీ గుండునీ ఒకచోట పట్టి ఉంచడం దాని పనుల్లో తేలికైనది. అసలు పని పేలాక మొదలవుతుంది. ఏఆర్-15 తరహా రైఫిళ్ళలో వాడే .223 తూటా పేలినప్పుడు లోపలి పీడనం వాతావరణ పీడనానికి 3,700 రెట్ల దాకా పోతుంది. ఆ ఒత్తిడికి డొల్ల ఉబ్బి, తూటా కూర్చునే ఛాంబర్ గోడలకి అతుక్కుంటుంది. అలా అతుక్కోబట్టే వేడి వాయువు వెనక్కి తన్ని మన మొహానికి కొట్టదు. గుండు గొట్టం దాటి పీడనం పడిపోగానే అదే డొల్ల వెంట్రుకవాసి ముడుచుకుని గోడని వదలాలి. వదలకపోతే దాన్ని బయటికి లాగే కొక్కెం, ఎక్స్‌ట్రాక్టర్, ఎంత లాగినా రాదు. ఉబ్బాలి, మళ్ళీ ముడుచుకోవాలి, ఇదంతా రెప్పపాటులో వందోవంతులో.

దీనికి కుదిరిన లోహం 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు కలిసిన ఇత్తడి. ఇనుము ఇత్తడికంటే దాదాపు రెండింతలు బిగువు. ఒకే బలమున్న రెండు లోహాల్లో బిగువు తక్కువదే ఎక్కువ సాగి, ఎక్కువ వెనక్కొస్తుంది. ఉక్కుని బాగా గట్టిపరిస్తే అదీ వెనక్కొస్తుంది గానీ, అంత గట్టిదాన్ని బిళ్ళ నుంచి గిన్నెగా, గిన్నె నుంచి గొట్టంగా లాగడం కష్టం. అందుకే డొల్లలకి మెత్తని ఉక్కే వాడతారు. ఇత్తడి ఇక్కడా మాట వింటుంది. సుత్తి దెబ్బకి బిరుసెక్కడం, కాలిస్తే మెత్తబడడం దాని స్వభావమని బుడితి ఇత్తడి పనివాళ్ళని అడిగినా చెబుతారు. ఆ స్వభావంతోనే ఒకే డొల్లకి అడుగు గట్టిగా, మూతి మెత్తగా చేస్తారు.

పిల్లలకి చూపించడానికి మేస్త్రీలు వాడే బైండింగ్ వైరునీ అంతే లావు ఇత్తడి తీగనీ చెరో పెన్సిల్‌కి చుట్టించాను. వేళ్ళు తీయగానే ఇత్తడి చుట్టలు వదులై జారిపోయాయి. బైండింగ్ వైరు పెన్సిల్‌ని కరుచుకునే ఉంది. బైండింగ్ వైరుని ముందే కాల్చి మెత్తబరుస్తారు కాబట్టి పోటీలో కొంత తొండి ఉందని ఒప్పుకున్నాను.

ఉక్కు డొల్లకీ ఓ రోజు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీకి రాగి కరవై, ఉక్కు డొల్లలకి లక్కర్ పూసి వాడింది. రష్యన్లు మరో ఉపాయం పట్టారు. కలాష్నికోవ్ తూటాని చూడండి, అడుగు నుంచి మూతి వైపు సన్నబడుతూ పోతుంది. లోటాలో లోటా ఇరుక్కుంటే కాస్త కదిలించగానే ఊడొచ్చినట్టు, వెంట్రుకంత కదిలితే చాలు, గోడని వదిలేస్తుంది. ఉక్కు లోపాన్ని ఆకారంతో పూడ్చిన ఈ తెలివికి నేను దాసుణ్ణి. .223కి అంత వాలు లేదు. సరదాకి పేల్చేవాళ్ళు చవకని ఆ రైఫిళ్ళలో ఉక్కు డొల్ల తూటాలు వాడితే, డొల్ల సరిగ్గా మూసుకోక ఛాంబర్‌లో మసి పేరుకుంటుంది, ఒక్కోసారి డొల్ల ఇరుక్కుంటుంది. గొట్టం అరిగిపోతోందని కూడా డొల్లనే తిడతారు గానీ ఆ పాపం దానిది కాదు. చవక తూటాల్లో గుండు తొడుగు కూడా చాలావరకు రాగి పూసిన ఉక్కే, అరగదీసేది అది. అయస్కాంతం పెడితే తెలిసిపోతుంది. ఇక ఇత్తడి డొల్లని కొలతకి నొక్కి, మందు నింపి మళ్ళీ మళ్ళీ వాడుకునే దేశాలున్నాయి. మనదగ్గర షూటింగ్ క్లబ్బుల్లో ఎక్కువగా కనిపించే పాయింట్ టూటూకి ఆ యోగం లేదు. దాని అంచునే సూది నలిపి పేలుస్తుంది.

"అయితే ఇత్తడికి ఏ రోగం లేదాండీ?" అన్నాడు కుర్రాడు. ఉంది, అదీ మన దేశంలోనే బయటపడింది. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో గుర్రపుసాలల్లో దాచిన తూటాలు ముట్టుకోకుండానే పగిలాయి. దీన్ని సీజన్ క్రాకింగ్ అన్నారు. గుట్టు 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ విప్పారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తయారీలో డొల్ల లోహంలో మిగిలిపోయిన లాగుడు, రెండూ కలిసి దాన్ని చీల్చాయట. చివర్లో కాస్త వేడి చేసి ఆ లాగుడు పోగొడితే సరిపోయింది.

బైండింగ్ వైరు చుట్టనీ ఇత్తడి చుట్టనీ కుర్రాడు వాళ్ళ ఉప్పు మడి గుడిసె చూరుకి కట్టాడు. నెల తిరగకుండా మొదటిదాని తుప్పు చేతిలో పొడిపొడిగా రాలింది, రెండోది కాస్త నల్లబడి ఊరుకుంది.

"రెండోదాన్ని గొడ్లసావిట్లో కడదావా మాస్టారూ?"

కట్టాం. వానలు ఇంకా మొదలవలేదు.