గ్రుడ్డు అడ్డుపడిన పెట్ట

పెరటికోళ్ల లెక్క మన యిండ్లలో సాధారణముగా స్త్రీల చేతిలో నుండును. ఉప్పు పప్పులకును, పిల్లల పుస్తకములకును కావలసిన చిల్లర ఆ లెక్కనుండియే వచ్చుట సభ్యు లెఱుగనిది కాదు. అట్టి పెట్ట యొకటి మేత మాని, తోక వాల్చి, మూల నిలిచినప్పుడు మన గ్రామములలో తరచుగా రెండు పనులు జరుగుచున్నవి. చచ్చిపోవునేమో యని వెంటనే కోసివేయుట యొకటి. అనుభవజ్ఞులని పేరుపడిన వా రెవరో వచ్చి, వ్రేలు పెట్టి లోపలి గ్రుడ్డును లాగజూచుట రెండవది. మొదటిదానివలన కూర యైనను దక్కును. రెండవదానివలన అదియు దక్కదు. ఈ రెంటికిని భిన్నమైన మార్గ మొకటి కలదు. ఖర్చు లేనిది; ఓపిక మాత్రము కావలెను. దానిని గూర్చి యీ నెల వ్రాయుచున్నాము.

పెట్ట కడుపులో ఒక గ్రుడ్డు తయారగుటకు ఇంచుమించు 25 గంటలు పట్టును. పచ్చసొనకు తెల్లసొనయు, పొరయు చేరుటకు నాలుగైదు గంటలు చాలును. తక్కిన 20 గంటలును పెంకు కట్టుటకే సరిపోవును. పెంకు గట్టిపడిన పిమ్మట గర్భసంచి కండరములు ముడుచుకొని దానిని వెలికి నెట్టును. పెంకు కట్టుటకును, కండరములు ముడుచుకొనుటకును ముఖ్యముగా కావలసిన సరకు ఒక్కటే: సున్నపు ధాతువు, అనగా కాల్షియము. అది చాలనిచో పెంకు పలుచనగును, నెట్టు బలమును తగ్గును. మెత్తని గ్రుడ్డు సులభముగా జారునని కొందఱు తలంచెదరు గాని, కండరములకు పట్టు దొరకనందున అట్టి గ్రుడ్డే లోపల నిలిచిపోవుట కలదు. తొలిసారి గ్రుడ్డుకు వచ్చిన చిన్న పెట్టకును, క్రొవ్విన పెట్టకును, ముసలిదానికిని, రెండు సొనల పెద్ద గ్రుడ్డు పడినదానికిని ఈ బాధ యెక్కువ.

ముందుగా పొదుగుటకు కూర్చున్న పెట్టను చూచి భ్రమపడకుండవలెను. అదియు మేత తగ్గించి, యీకలు విప్పి గూటిలోనే యుండును. కాని చేయి చాపినచో పొడుచును, గొంతు మార్చి కొక్కరించును, దినమున కొకమా ఱైనను లేచి తిని, పెద్ద రెట్ట వేసి మరల వచ్చును. గ్రుడ్డు అడ్డుపడినది పొడువదు. నిటారుగా నిలిచి, తోకను పైకి క్రిందికి ఆడించుచు ముక్కును. గూటిలోనికి పోవును, వచ్చును, గ్రుడ్డు మాత్రము కనబడదు. రెట్ట నీళ్లవలె కొంచెముగా పడును. రానురాను కాళ్లు తడబడును. గ్రుడ్డు నడుములోని నరములను నొక్కుటయే యిందులకు కారణము. ద్వారమునకు దిగువను, పొట్టమీద మెల్లగా చేయి యానించి చూచినచో గట్టి గ్రుడ్డు తగులును. మెత్తని గ్రుడ్డైనచో తెలియకపోవచ్చును.

ఇక చేయవలసిన పని. వెడల్పైన తొట్టిలో గోరువెచ్చని నీరు పోయవలెను; మన ముంజేతికి హాయిగా తోచు వేడి చాలును. పెట్టను రెక్కలు కదలకుండ రెండు చేతులతో పట్టి, పొట్టయు వెనుకభాగమును నీట మునుగునట్లు పావుగంట మొదలు ఇరువది నిమిషముల వఱకు కూర్చుండబెట్టవలెను. మొదట గింజుకొనును గాని, పిదప అదియే కన్నులు మూయును. తీసిన తరువాత పాతగుడ్డతో బాగుగా తడి యొత్తి, ద్వారముచుట్టును శుభ్రమైన కొబ్బరినూనె గాని నువ్వులనూనె గాని రాచి, గోనె పఱచిన గంపక్రింద, గాలి యాడునట్టి, చీకటియు వెచ్చదనమును గల చోట ఉంచవలెను. త్రాగుటకు నీరు దగ్గఱ నుంచవలెను. కుక్కలను, పిల్లలను దూరముగా నుంచవలెను. పెక్కు పెట్టలు కొన్ని గంటలలో గ్రుడ్డు విడుచును. విడువనిచో మరియొకసారి నీట నుంచవచ్చును.

పొట్టను పిసుకరాదు. లోపలి గ్రుడ్డును పగులగొట్టరాదు. పగిలిన పెంకు గర్భసంచిని కోయును. సొన లోపల నిలిచి క్రుళ్లును. ఎఱ్ఱని మాంసము ద్వారమునుండి బయటకు వచ్చినచో తక్షణమే వేఱు గంపలో నుంచవలెను. తక్కిన కోళ్లు దానిని పొడిచి చంపును. ఇట్టిదానిని గాని, మఱునాటి కైనను గ్రుడ్డు విడువనిదానిని గాని పశువైద్యునికి చూపవలెను. ఆయన కాల్షియము సూదిమందుగా నిచ్చు నవకాశము గలదు. రెండు దినములు దాటనిచ్చిన పెట్ట దక్కుట అరుదు.

ఒకమారు బ్రదికించిన పెట్టకు పాతమేతయే పెట్టినచో మరల అదే కథ. లెక్క చూడుడు. ఒక గ్రుడ్డు పెంకులో ఒకటిన్నర మొదలు రెండు గ్రాముల వఱకు కాల్షియ ముండును. నూఱు గ్రాముల నూకలలో గల కాల్షియము 10 మిల్లీగ్రాముల ప్రాంతము. నూకలే తిను పెట్ట ఒక్క పెంకుకు చాలిన కాల్షియము కూర్చుకొనుటకు 150 దినములకు పైగా పట్టును! పెరడంతయు తిరిగి పురుగులను, ఆకును ఏరుకొనుటవలన కొంత పూడును. చాలనిది తన యెముకలనుండి తీసికొనును. రాగులలో నూఱు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాము లున్నవి గనుక నూకలలో రాగులు కలుపుట మేలే గాని, అదియు చాలదు. ఎండ తగులని గూళ్లలో మూసి యుంచినచో తిన్న కాల్షియమును ఒంటబట్టదు.

వేసవిలో మఱియొక చిక్కు. పెట్ట నోరు తెఱచి రొప్పునప్పుడు బొగ్గుపులుసు గాలి అధికముగా బయటికి పోయి, పెంకునకు కావలసిన ద్రవ్యము రక్తములో తగ్గును. నీడయు, చల్లని నీరును అప్పటి మందు. ఒక పెట్ట గాక మందలో పెక్కు పెట్టలు ఒకేసారి తోలుగ్రుడ్లు పెట్టుచు, పచ్చని రెట్ట వేయుచు, మెడ త్రిప్పుచున్నచో అది సున్నపు కొఱత కాదు, కొక్కెర తెగులని యనుమానింపవలెను. తెగులు వచ్చిన తరువాత మందు లేదు, టీకాయే ముందుజాగ్రత్త.

కాల్షియమునకై తాంబూలపు సున్నము కోడి నోట పెట్టువారు కలరు. అది నోటిని పొక్కించును, పెట్టరాదు. ఆల్చిప్పలు, చెరువు నత్తగుల్లలు, ఉడికించి యెండబెట్టిన గ్రుడ్డు పెంకులు మంచివి. వీనిని కడిగి, యెండించి, నూకలంతగా దంచవలెను. పెంకులను గుర్తుపట్టరానంతగా దంచనిచో కోడి తన గ్రుడ్డునే తిన నేర్చును. సముద్రతీరమునకు దూరముగా నున్న సంఘములు ఎరువుతోపాటు గుల్లలను కూడ మూటగా తెప్పించి సభ్యులకు పంచుకొనవచ్చును. విడిగా కొనుటకంటె చౌక పడును. గుల్లపొడిని మేతలో కలుపక వేఱు మూకుడులో నుంచవలెను. గ్రుడ్డుకు రాని పిల్లలకు అందనీయరాదు, వాని మూత్రపిండములు చెడును. గ్రుడ్డు పెట్టు పెట్ట తనకు కావలసినంతయే తినును. పెంకు కట్టుట రాత్రి సాగును గనుక అది సాయంకాలమే దానికై వెదకును. గంప మూయుటకు రెండు గంటల ముందు మూకుడు బయట పెట్టుడు.