పేరు వోక్స్‌వ్యాగన్‌ది, ఒళ్లు ఫోర్డ్‌ది

బ్రెజిల్ రోడ్ల మీదికి 1990లో వోక్స్‌వ్యాగన్ అపోలో అనే కారొచ్చింది. 1992కల్లా దాని తయారీ ఆగిపోయింది. ఆ కాస్త కాలంలో తయారైనవి 50 వేల పైచిలుకు. మామూలు వాళ్లకు ఇందులో విశేషమేమీ కనపడకపోవచ్చు గానీ, విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టు నడిపే నాబోటివాడికి మాత్రం ఇది మహా ముచ్చటైన బండి.

బ్యాడ్జీ పీకేస్తే అది ఫోర్డ్ వెరోనా. బాడీ, తలుపులు, అద్దాలు, అన్నీ అంతకు ఏడాది ముందొచ్చిన ఆ ఫోర్డ్ కారువే. బానెట్ ఎత్తితే మాత్రం వోక్స్‌వ్యాగన్ వాళ్ల 1.8 లీటర్ల ఇంజిన్. పెట్రోలుదీ ఉంది, చెరకు ఆల్కహాలుతో నడిచేదీ ఉంది. తమాషా ఏమిటంటే, ఖరీదైన వెరోనాలోనూ ఆ ఇంజినే! అపోలోకు వెనక లైట్లు కాస్త పొగరంగులో పెట్టి, పికప్ బాగుండేలా గేర్లు సవరించి, వేరే కారన్నారు.

మా కౌంటర్ దగ్గర ఇలాంటిది రోజూ చూస్తాను. గ్లాంజాకు ఆయిల్ ఫిల్టరు అడిగిన కుర్రాడి చేతిలో మారుతీ బలెనో ఫిల్టరు పెడితే, ‘బాబాయ్, నాది టొయోటా’ అంటాడు. పార్టు నంబరు చూపించేదాకా నమ్మడు.

అసలు ఆ రెండు కంపెనీలు ఎందుకు కలిశాయంటే, గతిలేక. 1980ల్లో బ్రెజిల్, అర్జెంటీనా అప్పుల్లో మునిగాయి, ధరలు ఆకాశానికెక్కాయి, కార్లు కొనేవాళ్లు తగ్గారు. 1987లో ఇద్దరూ కలిసి ఆటోలాటినా అనే కంపెనీ పెట్టుకున్నారు. వోక్స్‌వ్యాగన్‌కు 51 శాతం, ఫోర్డ్‌కు 49. ఫ్యాక్టరీలు, ఇంజిన్లు ఉమ్మడి. షోరూములు మాత్రం ఎవరివి వాళ్లవే. చిన్న వోయాజ్‌కూ పెద్ద సంతానాకూ నడుమ వోక్స్‌వ్యాగన్ డీలర్ల దగ్గర సరైన సెడాన్ లేదు. ఆ ఖాళీలో కూర్చోబెట్టిందే అపోలో.

సెడానే గానీ రెండే తలుపులు. నాలుగు తలుపులుంటే ట్యాక్సీ అనుకునేవారట అక్కడ. మన దగ్గరైతే ఒక్క పెళ్లికి వెళ్లొచ్చేసరికి ఆ కారు అమ్మకానికి పెట్టేవాళ్లం. పట్టుచీర కుచ్చెళ్లు పట్టుకుని, ముందు సీటు వంచి, ఆ సందులోంచి వెనక్కి దూరమంటే మా ఆవిడ ఆటో పిలుస్తుంది.

నన్నడిగితే అపోలో చెడ్డ కారేం కాదు. తలుపులు మూసుకున్న మార్కెట్ కోసం పుట్టిందది, అంతే. 1976 నుంచి బ్రెజిల్‌లో కార్ల దిగుమతి నిషేధం. 1990లో అధ్యక్షుడు కోలోర్ ఆ నిషేధం ఎత్తేశాడు. తమ దేశపు కార్లు ఒట్టి గుర్రపు బండ్లని ఆయనే ఎద్దేవా చేశాడు కూడా. బయటి కార్లు దిగాక, బ్యాడ్జీ మార్చి కొత్త కారనడం ఎన్నాళ్లు సాగుతుంది?

1993లో అపోలో స్థానంలో వోక్స్‌వ్యాగన్ లోగస్ తెచ్చింది. రూపం సొంతం, పునాది మళ్లీ ఫోర్డ్‌దే, ఎస్కార్ట్ కారుది. కొద్ది కాలానికే ఆటోలాటినా విడిపోయింది, ఆ వేరుకాపురంలో లోగస్ కూడా ఆగిపోయింది. దానికీ రెండే తలుపులు. అదే 1993లో ఫోర్డ్ తెచ్చిన కొత్త వెరోనాకు నాలుగు.