నాలుగు ఛాయలలో వింత జంతువులు

1989లో జపానులో వెలువడిన గేమ్‌బాయ్ తెరపై నాలుగు ఛాయలే ఉండేవి. 1996 నాటి పోకెమాన్ ఆటలోని వింత జంతువులను, పక్కకు 56, నిలువునకు 56 పిక్సెళ్లకు మించని చోటులో, ఆ నాలుగింటితోనే తీర్చవలసి వచ్చినది. ఇట్టి చిత్రాలలో మధ్యఛాయ కావలసినపుడు ముదురు, లేత చుక్కలను చదరంగపు గళ్లవలె పేర్చుతారు. వార్తాపత్రికలోని ఛాయాచిత్రంలో వలెనే కన్ను వాటిని కలిపి చూస్తుంది. సగం పని చూపరికే అప్పగించినట్లు! డిథరింగ్ అనబడే ఈ పద్ధతి పొలుసులకు, గరుకు చర్మానికి చక్కగా అమరుతుంది. నునుపైన పొట్టపై చల్లితే మురికిగా కనిపిస్తుంది.

అయితే అంతకుముందే వెలుగు ఎటునుండి వస్తున్నదో నిశ్చయించుకోవాలి. అంచు పొడవునా సమానంగా నీడ దిద్దితే ఎంతటి భూతమైనా దిండువలె ఉబ్బుతుంది. వెలుగు ఎడమ పైవైపు నుండి వస్తున్నదనుకుంటే, నీడ దవడ క్రింద, రెక్క చాటున, తోక అడుగున పడాలి.