మీకు తెలుసా? ఒక్క రోజులో 68 శివలింగాలు
సోలాపూర్‌లో ఏటా భోగినాడు, సాధారణంగా జనవరి 13న, ఊరి చుట్టూ ఉన్న 68 శివలింగాలకు ఒకే రోజున తైలాభిషేకం జరుగుతుంది.

• ఈ లింగాలను 12వ శతాబ్దపు శివయోగి సిద్ధరామేశ్వరుడు ప్రతిష్ఠించాడని భక్తుల నమ్మకం. బసవేశ్వరుడి కాలంవాడైన ఆయన కన్నడంలో వచనాలు రాశాడు. ఊరి నడుమ చెరువు తవ్వించిందీ ఆయనేనంటారు. ఆయన పేరిట వెలసిన సిద్ధేశ్వర ఆలయం ఆ చెరువు మధ్యనే ఉంది.

• అభిషేకానికి సాగే ఊరేగింపులో ముందు నడిచేవి ఏడు నందిధ్వజాలు. అలంకరించిన ఈ పొడవాటి కర్రలను భక్తులు నిలువుగా ఎత్తిపట్టి మోస్తారు. మర్నాడు సంక్రాంతికి అక్షతల వేడుక. తనను పెళ్లాడతానన్న కుమ్మరి కన్యకు సిద్ధరామేశ్వరుడు తన యోగదండంతో వివాహం జరిపించాడన్న కథను ఏటా ఇలా మళ్లీ జరుపుతారు.

• ఊళ్లో మరో పెద్ద వేడుక శ్రావణ పౌర్ణమి నాడు, సోలాపూర్ పద్మశాలీలది. ఆ రోజు తమ కులదైవం మార్కండేయుడి రథాన్ని ఊరేగిస్తారు.

సోలాపూర్ వెళ్లి, ఒక్క రోజులో ఊరు చూసి రావాలంటే 68 లింగాలూ తిరగనక్కర్లేదు. పొద్దున్నే సిద్ధేశ్వరుడి దర్శనం, చెరువును ఆనుకునే ఉన్న భుయికోట్ కోట, తర్వాత మార్కండేయ మందిరం చూసుకోవచ్చు. తిరుగు బండి ఎక్కేలోపు సోలాపూర్ దుప్పట్ల బేరానికీ కాస్త వేళ మిగుల్చుకోండి.